గివ్ అప్: ఒక ఇంగ్లీషు క్రియ, దాని పర్యాయపదాలు, అర్థచ్ఛాయలు

‘గివ్ అప్’ ఇంగ్లీషులో నిత్యం వినిపించే ఫ్రేజల్ వెర్బ్. ఇవ్వడాన్ని చెప్పే ‘గివ్’, పైకి అన్న అర్థమిచ్చే ‘అప్’ కలిసి ఏర్పడింది. కలిశాక ఆ విడివిడి అర్థాలు వెనక్కి తగ్గి, వదలడం, మానడం, లొంగడం, అప్పగించడం, ఆశ విడవడం అనే అర్థాలు ముందుకొచ్చాయి. సిగరెట్లు మానినవాడికీ, కోట అప్పగించిన సేనానికీ, బస్సులో ముసలావిడకు సీటు ఇచ్చిన కుర్రవాడికీ, లెక్క తెగక కలం కింద పెట్టిన విద్యార్థికీ ఇంగ్లీషు ఈ ఒక్క క్రియనే వాడుతుంది.

ఇంత విస్తృతమైన మాట కావడం వల్ల ఇది చాలా సంగతులు చెప్పకుండా దాటేస్తుంది. వదిలింది ఏమిటి? ఇష్టపడి వదిలారా, తప్పక వదిలారా? వదిలినది ఎవరి చేతికి వెళ్ళింది? మళ్ళీ దక్కే వీలుందా? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పేవి దాని పర్యాయపదాలు. క్విట్, సరెండర్, యీల్డ్, రెలింక్విష్, సీడ్, వేవ్, రిజైన్, అబ్డికేట్, రినౌన్స్, అబాండన్, డెజర్ట్, ఫర్‌సేక్, ఫర్‌గో, కన్సీడ్, కాపిట్యులేట్ వంటివి నిఘంటువులో ఒకే వరుసలో కనిపించినా ఒకదాని బదులు ఒకటి వాడదగినవి కావు.

పుట్టుక, చరిత్ర

గివ్ ప్రాచీన ఇంగ్లీషులోని ‘గియెఫన్’ నుంచి వచ్చింది. నేటి పలుకుబడిలోని ‘గ’కార ధ్వని మీద స్కాండినేవియన్ల భాష ప్రభావం ఉంది. ప్రాచీన ఇంగ్లీషు క్రియార్థాన్ని మార్చడానికి ఎక్కువగా ఉపసర్గలను వాడేది. ‘ఫర్’ అనే ఉపసర్గ చేరి ఫర్‌గివ్, ఫర్‌గో, ఫర్‌సేక్ పుట్టాయి. నేడు క్షమించడం అనే అర్థంలో వాడే ఫర్‌గివ్ కూడా మూలంలో గివ్ సంతానమే. అప్పునో తప్పునో పట్టుకోకుండా విడిచిపెట్టడం అందులోని భావం.

తర్వాతి శతాబ్దాల్లో ఉపసర్గల జోరు తగ్గి, క్రియ తర్వాత అప్, అవుట్, ఆఫ్, ఇన్ వంటి చిన్న మాటలు చేర్చే పద్ధతి బలపడింది. గివ్ అప్ ఆ మార్పు తొలినాళ్ళకు చెందినది. పీటర్‌బరో మఠంలో రాసిన ఆంగ్లో సాక్సన్ క్రానికల్ అనే సంవత్సరాల వారీ చరిత్ర గ్రంథపు ప్రతిలో, 1132వ సంవత్సరపు పద్దులో ఈ ప్రయోగం ఉంది. ఇంగ్లండు రాజు మొదటి హెన్రీ, పీటర్‌బరో మఠాధిపతి చేత ఆ పదవిని వదిలింపజేసి దేశం నుంచి పంపేసిన సంగతి అక్కడ రాశారు. అక్కడ వదిలినవాడు తన ఇష్టంతో వదల్లేదు. బలవంతపు వాసన ఈ క్రియకు మొదటినుంచీ ఉందని దీన్ని బట్టి తెలుస్తుంది.

1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక న్యాయస్థానాల్లోకి, రాజసభలోకి ఫ్రెంచి వచ్చింది. సరెండర్, అబాండన్, క్విట్, రిజైన్, వేవ్ ఆ దారిన చేరాయి. పండితుల రాతల ద్వారా లాటిన్ మూలాలున్న అబ్డికేట్, సీడ్ వంటివి తర్వాత వచ్చాయి. ఇలా వదలడాన్ని చెప్పే ఇంగ్లీషు మాటలు మూడు పొరలుగా పేరుకున్నాయి. ఇంట్లో మాట్లాడుకునే పొర సొంత భాషది, కోర్టు పొర ఫ్రెంచిది, గ్రంథాల పొర లాటిన్‌ది. ఈ విభజన గీత గీసినట్టు ఉండదు. ఫర్‌సేక్ అచ్చమైన పాత ఇంగ్లీషు మాటే అయినా నేడు కావ్యభాషలోనే వినిపిస్తుంది. క్విట్ ఫ్రెంచి నుంచి వచ్చినా వీధి మాటగా స్థిరపడింది.

1611లో వెలువడిన కింగ్ జేమ్స్ బైబిల్ అనువాదంలో క్రీస్తు మరణాన్ని ‘గివ్ అప్ ద గోస్ట్’ అన్న పలుకుబడితో చెప్పారు. గోస్ట్ అంటే అక్కడ ఆత్మ, ప్రాణం. తెలుగులో ప్రాణం విడవడం అన్నట్టే. ఇప్పుడు ఇంగ్లీషువారు పాత కారు, పాత రేడియో పాడైపోయినప్పుడు కూడా ఈ మాట వాడతారు.

వ్యాకరణం

ఇది విడదీయదగిన ఫ్రేజల్ వెర్బ్. కర్మ నామవాచకమైతే అప్‌కు ముందైనా వెనకైనా రావచ్చు. సర్వనామమైతే తప్పనిసరిగా మధ్యలోనే రావాలి. ‘గివ్ ఇట్ అప్’ అనాలే గాని ‘గివ్ అప్ ఇట్’ అనకూడదు. తర్వాత మరో క్రియ వస్తే దానికి ‘ఇంగ్’ చేరాలి. ‘హి గేవ్ అప్ స్మోకింగ్’ సరైనది, ‘హి గేవ్ అప్ టు స్మోక్’ తప్పు. కర్మ లేకుండా ‘ఐ గివ్ అప్’ అంటే ఇక నా వల్ల కాదు అని.

పక్కన చేరే చిన్న మాటను బట్టి అర్థం మళ్ళీ మారుతుంది. ‘గివ్ అప్ ఆన్’ అంటే ఒక మనిషి మీదో ప్రయత్నం మీదో నమ్మకం పోగొట్టుకోవడం. ‘గివ్ వన్‌సెల్ఫ్ అప్’ అంటే పోలీసులకు లొంగిపోవడం. ‘గివ్ అప్ ఫర్ డెడ్’ అంటే ఇక బతికి లేడని నిశ్చయించుకోవడం. ‘గివ్ వన్‌సెల్ఫ్ అప్ టు’ అంటే ఒక పనికో భావానికో పూర్తిగా అర్పించుకోవడం. ఈ చివరిది నష్టాన్ని సూచించదు. సంగీతానికి తనను తాను ఇచ్చుకున్న మనిషి గురించి ఇలా చెప్పవచ్చు.

ఇక్కడ అప్ దిక్కును సూచించదు, పని పూర్తయిందని చెబుతుంది. ఈట్ అప్ అంటే మిగల్చకుండా తినడం, యూజ్ అప్ అంటే అయిపోయేదాకా వాడటం, డ్రై అప్ అంటే పూర్తిగా ఎండిపోవడం. గివ్ అప్‌లోనూ అంతే, చేయి పూర్తిగా విడవడం. తెలుగులో ఈ పని ‘వేయు’ అనే సహాయక క్రియ చేస్తుంది. తిను, తినేయి, మాను, మానేయి, వదులు, వదిలేయి. రెండు భాషలు వేర్వేరు కుటుంబాలవైనా, పని పూర్తి కావడాన్ని ఒక చిన్న మాట తగిలించి చెప్పే పద్ధతి రెండింటిలోనూ ఉంది.

మానడం: క్విట్, స్టాప్, డెసిస్ట్, అబ్‌స్టెయిన్

అలవాటు విషయంలో గివ్ అప్‌కు అతి దగ్గరి మాట క్విట్. దీని వెనక లాటిన్ ‘క్వియేటస్’ ఉంది. విడుదలైన, శాంతించిన అని దాని అర్థం. క్విట్‌లో తెగతెంపు ఎక్కువ. గివ్ అప్‌లో వదిలినదాని మీద కొంత ఇష్టం మిగిలి ఉండవచ్చు, క్విట్‌లో అది వినిపించదు. ఇంగ్లీషులో ఒక పాత ప్రయోగంలో క్విట్ అంటే చోటు ఖాళీ చేయడం. అద్దె ఇల్లు ఖాళీ చేయమని ఇచ్చే నోటీసును ఇప్పటికీ ‘నోటీస్ టు క్విట్’ అంటారు. 1942 ఆగస్టు 8న బొంబాయిలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ ఆమోదించిన తీర్మానంతో దేశమంతటా మారుమోగిన ‘క్విట్ ఇండియా’ నినాదంలోని క్విట్ ఈ అర్థంలోనిదే. పాలకులను బతిమాలే మాట కాదది, ఇల్లు ఖాళీ చేయమని ఇంటి యజమాని ఇచ్చే ఆజ్ఞ.

స్టాప్ ఆగడాన్ని మాత్రమే చెబుతుంది. మళ్ళీ మొదలుపెట్టవచ్చు. డెసిస్ట్ ఆగమని మరొకరు కోరినప్పుడు, ముఖ్యంగా చట్టపరమైన హెచ్చరికల్లో వాడే మాట. అబ్‌స్టెయిన్ అంటే దూరంగా ఉండటం. అంతకుముందు అలవాటు ఉండి తీరాలన్న నియమం లేదు. ఓటింగుకు దూరంగా ఉన్న సభ్యుడికీ ఇదే మాట.

ఈ తేడా తెలుగువారి ఆచారాల్లో స్పష్టంగా కనిపిస్తుంది. కాశీకి వెళ్ళినవారు తమకు ఇష్టమైన ఒక కాయనో పండునో అక్కడ వదిలి వస్తారు. ఇక జీవితాంతం దాన్ని ముట్టరు. ఇది గివ్ అప్. అయ్యప్ప మాల వేసుకున్నవారు 41 రోజులు మద్యమాంసాలకు దూరంగా ఉంటారు. గడువు ఉంది కనుక ఇది అబ్‌స్టెయిన్. క్రైస్తవులు ఈస్టరుకు ముందు 40 రోజుల లెంట్ కాలంలో ఇష్టమైనదాన్ని మానడాన్ని మాత్రం, గడువు ఉన్నా, ఇంగ్లీషులో గివ్ అప్ అనే అంటారు. ప్రియమైనదాన్ని విడుస్తున్నామన్న భావం అక్కడ కాలపరిమితి కంటే బలమైనది.

లొంగడం: సరెండర్, యీల్డ్, కాపిట్యులేట్, కన్సీడ్

సరెండర్‌లో అవతల ఒక గ్రహీత తప్పనిసరిగా ఉంటాడు. ఒకరి అధీనంలోంచి మరొకరి అధీనంలోకి వెళ్ళడం దాని సారం. 1948 సెప్టెంబరు 18న హైదరాబాద్ సంస్థాన సేనాధిపతి ఎల్ ఎద్రూస్ భారత సైన్యానికి చెందిన మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ముందు లొంగిపోయాడు. 1971 డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సేనలు సంతకం చేసిన పత్రం పేరు ‘ఇన్‌స్ట్రుమెంట్ ఆఫ్ సరెండర్’. అలాంటి పత్రం మీద గివ్ అప్ అని రాయరు. ఎవరు ఎవరికి ఏమి అప్పగించారో అక్షరాలా తేలాలి కనుక సరెండరే కావాలి.

యుద్ధం లేని చోట సరెండర్‌కు మరో ముఖం ఉంది. ప్రభుత్వ ఉద్యోగులు తమ ఖాతాలోని ఎర్న్‌డ్ లీవును సరెండర్ చేసి డబ్బు తీసుకుంటారు. బీమా పాలసీని గడువుకు ముందే సరెండర్ చేస్తే కంపెనీ సరెండర్ వాల్యూ చెల్లిస్తుంది. ఇక్కడ ఓటమి లేదు. ఇచ్చినవారికే తిరిగి అప్పగించి, బదులు కొంత పుచ్చుకోవడం ఉంది. లొంగుబాటుకీ లీవు సరెండర్‌కీ కలిసే గుణం ఒక్కటే, చేతిలోది సంబంధిత అధికారానికి అప్పగించడం.

యీల్డ్ మూలంలో చెల్లించడం అనే అర్థమున్న పాత ఇంగ్లీషు మాట. పొలం ఇచ్చే దిగుబడినీ అందుకే యీల్డ్ అంటారు. లొంగే అర్థంలో ఇది మెత్తనిది. పూర్తిగా ఓడిపోనక్కర్లేదు, ఆ క్షణానికి పక్కకు తప్పుకుంటే చాలు. అమెరికా రోడ్ల మీద త్రికోణాకారపు యీల్డ్ బోర్డు ఉంటుంది. మొదటి యీల్డ్ బోర్డును 1950లో ఓక్లహోమాలోని టల్సా నగరంలో పెట్టారు. అక్కడ కారు నడిపే తెలుగువారందరికీ పరిచయమైన ఈ బోర్డు భారతదేశంలోనూ బ్రిటన్‌లోనూ ‘గివ్ వే’గా ఉంటుంది.

కాపిట్యులేట్ లాటిన్ ‘కాపిటులుమ్’ నుంచి వచ్చింది. అధ్యాయం, శీర్షిక అని అర్థం. లొంగుబాటు షరతులను శీర్షికల వారీగా రాసుకోవడం నుంచి ఈ మాట పుట్టింది. మూలంలో షరతులతో లొంగడం అయినా, నేటి పత్రికల్లో నిస్సహాయంగా పూర్తిగా దిగిరావడానికే వాడుతున్నారు. తెలుగులో కాళ్ళబేరానికి రావడం దీనికి చాలా దగ్గర.

కన్సీడ్ ఓటమిని నోటితో ఒప్పుకోవడం. మనసు ఒప్పుకోవాలన్న నియమం లేదు. 2000 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో అల్ గోర్ నవంబరు 8 తెల్లవారుజామున జార్జ్ బుష్‌కు ఫోన్ చేసి కన్సీడ్ చేశాడు. ఫ్లోరిడా లెక్క తేలలేదని తెలిసి కొద్దిసేపటికే మళ్ళీ ఫోన్ చేసి ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. సుప్రీంకోర్టు తీర్పు తర్వాత డిసెంబరు 13న, తీర్పుతో విభేదిస్తున్నానని చెబుతూనే ఫలితాన్ని అంగీకరించాడు. సరెండర్ చేసినవాడికి అలా వెనక్కి తగ్గే వీలు ఉండదు. కన్సీడ్ మాటతో చేసే పని కనుక మాటతోనే మార్చుకోగలిగాడు.

హక్కు, భూమి: రెలింక్విష్, సీడ్, వేవ్

రెలింక్విష్ అంటే లాటిన్‌లో వెనక వదిలి రావడం. గట్టిగా పట్టుకున్నదాని మీద పట్టు సడలించడాన్ని ఇది చెబుతుంది. అధికారం, ఆస్తి, హక్కు దీనికి తరచు కర్మలవుతాయి. ఉమ్మడి ఆస్తిలో తన వాటాను తోబుట్టువులకు విడిచిపెడుతూ రాసే పత్రం ఉత్తరాదిన ‘రెలింక్విష్‌మెంట్ డీడ్’. తెలుగు రాష్ట్రాల్లో దాన్ని ఎక్కువగా రిలీజ్ డీడ్, హక్కు విడుదల దస్తావేజు అంటారు.

సీడ్ భూభాగానికి సంబంధించిన మాట. తప్పుకోవడం అనే అర్థమున్న లాటిన్ ‘సెదెరె’ దీని మూలం. కన్సీడ్, విలీనాన్ని చెప్పే యాక్సీడ్, విడిపోవడాన్ని చెప్పే సెసీడ్ దీని తోబుట్టువులు. ఈ మాట తెలుగునేల మీద చెరగని గుర్తు వదిలింది. 1800లో నిజాం అలీఖాన్, తన రాజ్యంలో ఉంచిన ఆంగ్ల సైన్యపు ఖర్చు కింద, మైసూరు యుద్ధాల తర్వాత తనకు దక్కిన జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ఒప్పంద పూర్వకంగా అప్పగించాడు. కంపెనీ వాటిని ‘సీడెడ్ డిస్ట్రిక్ట్స్’ అంది. తెలుగులో దత్త మండలాలయ్యాయి. థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా అక్కడ ప్రధాన కలెక్టరుగా పనిచేశాడు. ఎవరో ఎవరికో ఇచ్చేసిన నేలగా పిలిపించుకోవడం అక్కడివారికి బాధ కలిగించింది. 1928లో నంద్యాల ఆంధ్ర మహాసభల సందర్భంగా చిలుకూరి నారాయణరావు సూచించిన రాయలసీమ అనే పేరు నిలిచింది. సినిమా పంపిణీ రంగంలో మాత్రం ఆ ప్రాంతాన్ని ఇప్పటికీ సీడెడ్ అంటున్నారు. ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ కనిపించి, అక్కడ బతికే మనుషులు కనిపించకపోవడం సీడ్ అనే మాటలోని లోపం. ఆ లోపాన్ని ఒక ప్రాంతం పేరు మార్చుకుని సరిదిద్దుకుంది.

వేవ్ అంటే తనకు రావలసినదాన్ని అడగకుండా ఉండటం. న్యాయ పరిభాషలో పుట్టిన మాట. హక్కు మరొకరికి బదిలీ కాదు, దాన్ని వాడుకోనని హక్కుదారు చెబుతాడంతే. రైతు రుణమాఫీని ఇంగ్లీషులో ‘లోన్ వేవర్’ అనడం ఇందుకే. 2008లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన వ్యవసాయ రుణమాఫీ పథకం పేరులోనూ ఈ మాట ఉంది. వేవ్ చేసేది అప్పిచ్చినవాడి పక్షం, అప్పు తీసుకున్నవాడు కాదు. 1966లో అమెరికా సుప్రీంకోర్టు మిరండా కేసులో ఇచ్చిన తీర్పు ప్రకారం, పోలీసుల విచారణలో మౌనంగా ఉండే హక్కును నిందితుడు వేవ్ చేయవచ్చు. అయితే తెలిసి, ఇష్టపూర్వకంగా చేసిందైతేనే చెల్లుతుంది. వదలడంలో తెలివిడి, ఇష్టం ఎంత ముఖ్యమో ఈ మాట దగ్గర తేటతెల్లమవుతుంది.

పదవి, బంధం: రిజైన్, అబ్డికేట్, రినౌన్స్

రిజైన్‌కు లాటిన్ మూలంలో ముద్ర విప్పడం, రద్దు చేయడం అనే అర్థాలున్నాయి. పదవి నుంచి తప్పుకుంటూ పై అధికారికి తెలపడం నేటి అర్థం. చాలా సందర్భాల్లో ఆమోదం కూడా కావాలి. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర జరిగిన రైలు ప్రమాదం తర్వాత రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇచ్చినా ప్రధాని నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబరులో తమిళనాడులోని అరియలూరు ప్రమాదం తర్వాత ఇచ్చినది ఆమోదం పొందింది. చదరంగంలో ఓటమి తప్పదని తెలిసి ఆట ఆపడాన్నీ రిజైన్ అంటారు. ‘రిజైన్ వన్‌సెల్ఫ్ టు’ అంటే తప్పనిదాన్ని మనసు చంపుకుని స్వీకరించడం.

అబ్డికేట్ సింహాసనానికి చెందినది. బ్రిటన్ రాజు ఎనిమిదవ ఎడ్వర్డ్ 1936 డిసెంబరు 10న సంతకం చేసిన పత్రాన్ని ‘ఇన్‌స్ట్రుమెంట్ ఆఫ్ అబ్డికేషన్’ అంటారు. అందులో సింహాసనాన్ని తనకూ తన సంతానానికీ వద్దనుకునే మాటకు రినౌన్స్ వాడారు. పదవి దిగే చర్య అబ్డికేట్, దానితో ఉన్న సంబంధాన్ని తెంచుకునే ప్రకటన రినౌన్స్. బాధ్యతను గాలికొదిలిన అధికారులను విమర్శించేటప్పుడు కూడా అబ్డికేట్ వాడతారు.

రినౌన్స్‌లో ‘వార్తాహరుడు’ అనే అర్థమున్న లాటిన్ మాట దాగి ఉంది. బహిరంగంగా చాటకపోతే అది రినౌన్స్ కాదు. 1919 మే 31న రవీంద్రనాథ్ ఠాగూర్ జలియన్‌వాలాబాగ్ దారుణానికి నిరసనగా వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్‌కు లేఖ రాసి ‘సర్’ బిరుదు తనకు వద్దన్నాడు. 1928 ఆగస్టు 27న పారిస్‌లో సంతకాలైన కెలాగ్ బ్రియాండ్ ఒప్పందంలో దేశాలు యుద్ధాన్ని రినౌన్స్ చేశాయి. 1947లో అమలులోకి వచ్చిన జపాన్ రాజ్యాంగపు 9వ అధికరణమూ యుద్ధాన్ని పరిత్యజించింది.

విదేశాల్లో స్థిరపడిన తెలుగువారికి ఈ మాట జీవితంలోనే ఎదురవుతుంది. 1955 నాటి భారత పౌరసత్వ చట్టంలో 8వ సెక్షన్ పౌరసత్వాన్ని రినౌన్స్ చేయడం గురించి, 9వ సెక్షన్ మరో దేశ పౌరసత్వం తీసుకున్నప్పుడు భారత పౌరసత్వం రద్దు కావడం గురించి చెబుతాయి. అమెరికా పౌరసత్వ ప్రమాణంలో పాత దేశం పట్ల విధేయతను రినౌన్స్ చేస్తున్నట్టు పలకాలి. భారత పాస్‌పోర్టును మాత్రం సరెండర్ చేయాలి. పౌరసత్వం ఒక బంధం కనుక రినౌన్స్, పాస్‌పోర్టు ప్రభుత్వం ఇచ్చిన వస్తువు కనుక సరెండర్.

దిక్కులేకుండా విడవడం: అబాండన్, డెజర్ట్, ఫర్‌సేక్

అబాండన్ పాత ఫ్రెంచిలో ఒకరి వశం చేయడం అనే అర్థంతో మొదలై, ఎవరి వశమూ కాకుండా వదిలేయడం అనే చోటికి చేరింది. మునుగుతున్న ఓడను వదలమని కెప్టెన్ ఇచ్చే ఆజ్ఞ ‘అబాండన్ షిప్’. వస్తువు విషయంలో ఇది నింద కాకపోవచ్చు. మనిషి విషయంలో, ముఖ్యంగా పసిబిడ్డ విషయంలో, ఘోరమైన నింద.

డెజర్ట్‌లో ఉండవలసిన చోట లేకపోవడం ఉంది. సైన్యాన్ని విడిచి పారిపోయినవాడు డెజర్టర్. 1955 హిందూ వివాహ చట్టం ప్రకారం భార్యనో భర్తనో కనీసం 2 సంవత్సరాలు ఎడతెగకుండా డెజర్ట్ చేయడం విడాకులకు ఒక కారణం. ఫర్‌సేక్‌లో చట్టం కంటే ప్రేమకే చోటెక్కువ. తనను నమ్ముకున్నవారిని, ఒకప్పుడు ప్రేమించినదాన్ని విడనాడటం. తెలుగు ‘విడనాడు’లో ఆ బాధ యథాతథంగా ఉంది.

త్యాగం: ఫర్‌గో, సాక్రిఫైస్

ఫర్‌గో అంటే దక్కగల సుఖాన్నో ప్రయోజనాన్నో ముందే వద్దనుకోవడం. చేతిలో ఉన్నదే కానక్కర్లేదు, రాబోయేది కూడా కావచ్చు. సాక్రిఫైస్‌లో మరో ఉన్నతమైన ప్రయోజనం తప్పక ఉండాలి. టంగుటూరి ప్రకాశం మద్రాసులో మంచి సంపాదన ఉన్న బారిస్టరు వృత్తిని జాతీయోద్యమం కోసం వదిలి, 1921లో ‘స్వరాజ్య’ పత్రిక ప్రారంభించాడు. ఆయన చేసినదాన్ని ఒట్టి గివ్ అప్ అంటే వాస్తవం తెలుస్తుంది, విలువ తెలియదు. సాక్రిఫైస్ అన్నప్పుడే రెండూ తెలుస్తాయి.

2015 మార్చి 27న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన వంటగ్యాస్ సబ్సిడీ ప్రచారానికి ‘గివ్ ఇట్ అప్’ అని పేరు పెట్టారు. 1 కోటికి పైగా వినియోగదారులు సబ్సిడీ వదులుకున్నారు. నిఘంటువు లెక్కన అక్కడ ఫర్‌గో సరిగ్గా సరిపోయేది. కానీ కోట్లమంది నోట పలకాల్సిన నినాదానికి చిన్న మాటలే కావాలి. అర్థం ఖచ్చితంగా ఉండటం ఒక గుణమైతే, అందరికీ అందడం మరో గుణం. ఫ్రేజల్ వెర్బ్ బలం ఈ రెండోదే.

దగ్గరి ఫ్రేజల్ వెర్బ్‌లు, పలుకుబడులు

గివ్ అప్‌తో తరచు తారుమారయ్యేది గివ్ ఇన్. గివ్ అప్‌లో మనిషి తన ప్రయత్నం ఆపుతాడు, గివ్ ఇన్‌లో ఎదుటివారి ఒత్తిడికి తలొగ్గుతాడు. పిల్లవాడు మారాం చేస్తే బొమ్మ కొనిచ్చిన తండ్రి గివ్ ఇన్ అయ్యాడు. ఇక వీడిని మార్చలేనని వదిలేస్తే గివ్ అప్ ఆన్.

గివ్ అవే అంటే ఊరికే ఇచ్చేయడం. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి వినోబా భావే ఎదుట 100 ఎకరాలు దానంగా ప్రకటించాడు. భూదానోద్యమానికి నాంది పలికిన ఆ ఘటనలో దృష్టి పుచ్చుకునేవారి మీద ఉంటుంది కనుక అది గివ్ అవే. అదే గివ్ అప్ అంటే దృష్టి ఇచ్చినవాడి నష్టం మీదికి మళ్ళుతుంది. గివ్ అవేకు రహస్యం బయటపెట్టడం అనే అర్థమూ ఉంది. గివ్ అవుట్ అంటే పంచడం, లేదా యంత్రమో కాళ్ళో ఇక పనిచేయకపోవడం. హ్యాండ్ ఓవర్‌లో బాధ్యతల అప్పగింత, లెట్ గోలో పట్టు సడలించడం ఉంటాయి. బాక్సింగ్ నుంచి వచ్చిన ‘త్రో ఇన్ ద టవల్’ మరొకటి. బాక్సరు పక్షాన అతని శిక్షకుడు రింగులోకి తువ్వాలు విసిరితే పోటీ ఆగిపోతుంది.

తెలుగులో సమానార్థకాలు

తెలుగు ఈ ఛాయలను సహాయక క్రియలతో పలికిస్తుంది. ‘వదులు’ ఒక్కటే అయినా, వదిలేయడంలో తేల్చేయడం ఉంది, వదులుకోవడంలో నష్టం తనదే అన్న ఎరుక ఉంది, వదిలిపెట్టడంలో స్వేచ్ఛనివ్వడమో దిక్కులేకుండా చేయడమో ఉంది. అవకాశాన్ని వదులుకుంటారు, దొంగను వదిలిపెడతారు, గొడవను వదిలేస్తారు. బడి మానేయడం అంటే చదువు ఆగిపోవడం. తాగుడు మానుకోవడం అంటే తనను తాను అదుపు చేసుకోవడం. వదులుకోవడం, మానుకోవడంలో ఉన్న ‘కొను’ అనే సహాయక క్రియ చేసే పనికి ఇంగ్లీషు క్రియలో సరిసమానమైన పరికరం లేదు. సందర్భాన్ని బట్టి ఫర్‌గో అనో లూజ్ అనో వేరే మాట వెతుక్కోవాలి.

పలుకుబడుల్లో తెలుగు మరింత నిండుగా ఉంది. రాని బాకీకి నీళ్ళొదులుకుంటారు. పాటించాల్సిన నియమానికి తిలోదకాలిస్తారు. ఈ రెండూ పితృకార్యాల నుంచి వచ్చినవి. వైద్యులు చేతులెత్తేస్తారు. పని మధ్యలో కాడి పడేస్తారు, ఇది సేద్యపు మాట. వాదం మధ్యలో అస్త్రసన్యాసం చేస్తారు, ఇది భారత యుద్ధం చదివినవారి మాట. చేతులు దులుపుకున్నారంటే బాధ్యత వదిలించుకున్నారని నింద. త్యజించడం, పరిత్యజించడం సంస్కృత మర్యాదతో రినౌన్స్‌కు సరితూగుతాయి. రాజీనామా, మాఫీ, దఖలు వంటివి పాలనా వ్యవహారాల ద్వారా చేరి అచ్చతెలుగు మాటల్లా స్థిరపడ్డాయి.

పర్యాయపదాల అధ్యయనం

పర్యాయపదాల మధ్య తేడాలు వివరించే గ్రంథాలకు యూరప్‌లో దారి చూపినవాడు ఫ్రెంచి మతాచార్యుడు గాబ్రియేల్ జిరార్. ఆయన పుస్తకం 1718లో వచ్చింది. ఇంగ్లీషులో హెస్టర్ పియొట్సి 1794లో, జార్జ్ క్రాబ్ 1816లో ఇలాంటి గ్రంథాలు ప్రచురించారు. 1852లో పీటర్ మార్క్ రొజె తన థెసారస్‌లో మాటలను అకారాదిగా గాక భావాల వారీగా అమర్చాడు. అలాంటి అమరికలో గివ్ అప్‌కు ఒక్క చోటు చాలదు. లొంగుబాటు, పరిత్యాగం, పదవీ విరమణ, నిరాశ అన్నీ దానికి ఇళ్ళే. థెసారస్ మాటలను పక్కపక్కన చేరుస్తుంది గాని తేడా చెప్పదు. ఆ తేడాలు వివరించే పనిని 1942లో వచ్చిన వెబ్‌స్టర్ పర్యాయపద నిఘంటువు విస్తారంగా చేసింది.

అదే 1852లో మద్రాసులో సి.పి. బ్రౌన్ తెలుగు ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది. తెలుగులో అంతకుముందే పైడిపాటి లక్ష్మణకవి ‘ఆంధ్రనామ సంగ్రహం’ వంటి పద్య నిఘంటువులు పర్యాయపదాలను కంఠస్థం చేయడానికి అనువుగా కూర్చాయి. అవి ఎక్కువగా నామవాచకాలవి. క్రియల ఛాయలను విడమరిచే పని ఇంకా ఎంతో మిగిలి ఉంది.

ఫ్రేజల్ వెర్బ్‌లు విదేశీయులకు కష్టమని శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువు పీఠికలోనే గుర్తించాడు. ఈ తరగతి క్రియలకు ‘ఫ్రేజల్ వెర్బ్’ అనే పేరు లోగన్ పియర్సాల్ స్మిత్ 1925లో ప్రచురించిన పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది. ఆ పేరు తనకు సూచించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ అని స్మిత్ చెప్పాడు.

మాట ఎంపిక

ఇంగ్లీషు రాసేటప్పుడు గివ్ అప్ తీసి బరువైన లాటిన్ మాట పెడితే వాక్యం గొప్పదవుతుందని చాలామంది విద్యార్థులు అనుకుంటారు. సిగరెట్లను రెలింక్విష్ చేశానంటే ఇంగ్లీషువారి చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ఒప్పందంలో హక్కును గివ్ అప్ చేశానని రాస్తే అది ఎవరికి చెందుతుందో తేలదు. అలవాటుకు గివ్ అప్, క్విట్. శత్రువుకూ అధికారికీ సరెండర్. భూభాగానికి సీడ్. రావలసినదాన్ని అడగకపోవడానికి వేవ్. వాటాకూ అధికారానికీ రెలింక్విష్. ఉద్యోగానికి రిజైన్. బంధానికీ సిద్ధాంతానికీ రినౌన్స్. నమ్ముకున్నవారి విషయంలో ఫర్‌సేక్, డెజర్ట్. రాబోయే లాభానికి ఫర్‌గో.

ఈ తేడాల అవసరం పరీక్షలతో తీరిపోదు. ఉద్యోగ ఒప్పందాలు, ఆసుపత్రి సమ్మతి పత్రాలు, బీమా కాగితాలు, వీసా దరఖాస్తులు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటాయి. వాటిలో వేవ్ అని ఉంటే సంతకం చేసేవారు అడిగే హక్కును వదులుకుంటున్నారు. సరెండర్ అని ఉంటే వస్తువును అప్పగిస్తున్నారు, బదులు ఏమైనా వస్తుందేమో చూసుకోవాలి. రెలింక్విష్ అని ఉంటే వాటా శాశ్వతంగా పోతుంది. అందుకే ఏమిటి, ఎవరికి, ఎవరి ఇష్టంతో, ఎంతకాలానికి అన్న నాలుగు ప్రశ్నలు ప్రతి క్రియ దగ్గరా వేసుకోవాలి. ఆ జవాబులు తెలిసి సంతకం చేసినవారు తాము దేన్ని వదులుతున్నారో తెలుసుకుని వదులుతారు.